జేత్యా భగత్ కడియం

సమాధి మీద నుంచి లేవమంటే దేవీబాయి లేవలేదు.

బాన్సువాడ దగ్గరి ఆ తండాకు పెద్ద మోతీరాం నాయక్. ఆయన రెండుసార్లు మంచిగానే చెప్పాడు. కొత్త పిల్లకాలువ సరిగ్గా ఇక్కడి నుంచే పోతుంది. కాలువ కొలిచేవాళ్లు సున్నంతో గీత కూడా గీసి వెళ్లారు. ఈలోపే జేత్యా భగత్ ఎముకలు తీసి గుట్ట మీద పెట్టుకుందాం, గుడి కట్టుకుందాం అన్నాడు.

"వద్దు నాయక్. పండుకున్నోన్ని లేపొద్దు," అంది దేవీబాయి.

భగత్ పోయి పదకొండేళ్లయింది. మాత గుడిలో దీపం పెట్టేవాడు పెళ్లి చేసుకోకూడదు. ఆయన చేసుకోలేదు. పెళ్లయినవాళ్లను కాల్చడం, కానివాళ్లను పూడ్చడం తండా ఆచారం. అందుకే 1971 ఎండాకాలంలో ఆయనకు తెల్లగుడ్డ చుట్టి, చేతికున్న మాత వెండి కడియంతో సహా ఇక్కడే పూడ్చారు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, బతికుండగా ఆయన్ను తిట్టినవాళ్లు కూడా ఇప్పుడు మొక్కులు చెల్లిస్తున్నారు.

దేవీబాయి వయసులో ఉండగా జుక్కల్ వైపు నుంచి వచ్చింది. మాత గుడి ఊడ్చింది, భగత్‌కు వండిపెట్టింది. పెళ్లి మాటెత్తితే నవ్వి ఊరుకుంది. ఆయన పోయాక సమాధికి కాపలా అయింది. ఇలాంటి భక్తి ఎక్కడా చూడలేదని తండా గొప్పగా చెప్పుకునేది.

ఇవాళ ఆమె అడ్డం కూర్చునేసరికి ఆ భక్తి మీదే అనుమానం పుట్టింది. ముసలి సోమ్లి దాన్ని బయటపెట్టింది.

"భగత్‌ను పూడ్చిన మూడోనాడే మనమంతా క్యాంపుకు వరికోతలకు పోయినం. పది దినాలు తండల గీమె ఒక్కతే ఉండె. కడియం ఉన్నదో లేదో సూడుండ్రి."

అందరికీ గుర్తొచ్చింది. ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరు ఆ క్యాంపు; అక్కడ హరనాథబాబు పొలాలు కోసి తిరిగొచ్చేసరికి దేవీబాయి చిక్కి సగమైంది. అరచేతుల నిండా బొబ్బలు. ఏడాదికని దాచుకున్న కంది కట్టెల కుప్ప బూడిదైపోయింది. పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరిపడిందని చెప్పింది. అప్పుడు అయ్యో అని తలా ఒక మోపు కట్టెలిచ్చినవాళ్లే, ఆ మంటలో కడియం కరిగించి ఉంటుందని ఇప్పుడు అనుకున్నారు.

మోతీరాం తీర్పు చెప్పేశాడు. కడియం ఉంటే సరే. లేకుంటే మాత సొమ్ము తిన్న మనిషికి తండాలో నీడ లేదు, నీళ్లు లేవు.

యాభై దాటిన ఆడది. పుట్టింట్లో ముఖం గుర్తుపట్టేవాళ్లు కూడా మిగల్లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, ఆమెకు ఎటు చూసినా ఆ ఒక్క గొయ్యే. తవ్వొద్దంటే దొంగ. తవ్వితే ఏమవుతుందో ఆమెకే తెలుసు.

ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టి లేపారు.

తండా కుర్రాడు హర్యా తవ్వాడు. మోకాలి లోతు. నడుం లోతు. అడుగున పారకు ఖంగుమని తగిలింది. కడియం! నల్లబడింది గానీ మాత ముద్ర చెక్కుచెదరలేదు.

సోమ్లి చెంపలు వేసుకుంది. దేవీబాయి మాత్రం మూసిన కళ్లు తెరవలేదు.

"నాయక్..." హర్యా గొయ్యిలోంచి తలెత్తాడు. "కడియమే ఉన్నది. భగత్ లేడు."

ఎముక లేదు. పన్ను లేదు. మట్టిని చేటల్లో చెరిగితే గుడ్డపేలిక కూడా దొరకలేదు. మోతీరాం తలపాగా తీసి గొయ్యి ముందు సాగిలపడ్డాడు.

"బ్రహ్మచారి గదా. మాత ఒంటితోనే తీస్కపోయింది. వెండి మనదని మనకే ఇడిసిపెట్టిండు."

తండా అంతా ఆ మట్టి తీసి నొసట పెట్టుకుంది. గుట్ట మీద గుడి, బ్రహ్మచారి భగత్ పేరున ఏటా జాతర అక్కడికక్కడే ఖాయమయ్యాయి. బతికినన్నాళ్లూ ఆ గుడిలో దీపం పెట్టాల్సింది, కన్నెగానే ఉండిపోయిన దేవీబాయేనని నాయక్ ఆజ్ఞ. ఆమెను అడిగినవాళ్లు లేరు. కడియం ఆమె చేతికే తొడిగారు. అది బిగుతుగా పట్టింది.

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. భక్తి అనుకున్నారు.

పెళ్లయినవాణ్ణి మట్టిలో ఉంచకూడదని, పదకొండేళ్ల కిందట ఆ ఖాళీ తండాలో, తన కంది కట్టెల కుప్ప మీదే దేవీబాయి తన మొగుడికి నిప్పు పెట్టింది.