సున్నా మీదికే తిరిగే నాబ్

చక్రాలు జారగానే ఇంజన్ జోరు తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ పెట్టెను స్పోర్ట్స్ కారుకు బిగిస్తూ మెకానిక్ షాబాజ్ పళ్లు కొరుకుతున్నాడు. నిరుడు ఇదే పెట్టుకొమ్మంటే రణధీర్ ఇకిలించాడు. "నన్ను ఆపేటోడు ఇంకా పుట్టలే భాయ్!" అన్నాడు. వారం తిరక్కుండానే వానలో, మానేరు వంతెన మీద ఈ కారు గిర్రున తిరిగి అతని ప్రాణం తీసింది. ఇప్పుడు దీన్ని నడిపేది అతని చెల్లెలు నిహారిక.

చీకటి పడింది. షెడ్డు రేకుల మీద వాన మోగుతోంది. నిహారిక డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తోంది. షాబాజ్ డాష్‌బోర్డు మీది నాబ్‌ను పదికి, అంటే పూర్తి కాపలాకు తిప్పి, పానా కోసం వంగాడు. టిక్ టిక్‌మంది. చూస్తే నాబ్ సున్నా మీదుంది, అంటే కాపలా బంద్.

"ముట్టకని చెప్పిన్నా లేదా?"

"నేను ముట్టలే భాయ్!"

మళ్లీ తిప్పాడు. మళ్లీ సున్నా.

"మీ అన్న పొగరే నీకూ వచ్చింది! వాడు సచ్చింది సాలదా? దిగు!"

నిహారిక ఏడుస్తూ దిగి గోడ దగ్గర నిలబడింది. షాబాజ్ పక్కసీట్లో కూర్చుని నాబ్‌ను పదికి తిప్పి గట్టిగా పట్టుకున్నాడు. అది అతని వేళ్లను తోసుకుంటూ వెనక్కి తిరగసాగింది. ఖాళీ డ్రైవర్ సీటు మెల్లగా కుంగింది.

"రణధీర్! గామె నీ చెల్లెరా!" అని షాబాజ్ అరిచాడు.

నాబ్ ఒకటి దగ్గర ఆగింది. కాసేపు వాన చప్పుడే వినిపించింది.

ఆ తర్వాత, టిక్. సున్నా.