ఆదివారం నాన్న

ఆఫీసుల్లో మనుషులకు బదులు అచ్చం వాళ్ళలాగే ఉండే నకళ్ళు పనిచేయడం మామూలైపోయాక, సన్యాసిరావు భార్య రేవతికి మాటిచ్చాడు. "ఆదివారం మాత్రం మీతో నేనే వస్తాను."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పులిహోర కట్టుకుని, ఎనిమిదేళ్ళ కూతురు లాస్యతో విశాఖ చుట్టుపక్కలకి షికారు వెళ్ళేవారు. ఈసారి తొట్లకొండ వెళ్ళారు. గేటు దగ్గర ముసలాయన తన యంత్రంలో చూసుకుని ఒక టికెట్టు డబ్బులు తిరిగిచ్చేశాడు.

"నకలుకి టికెట్టు అక్కర్లేదమ్మా."

రేవతి పక్కకి తిరిగి చూసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

నకళ్ళకి అబద్ధం చెప్పడం రాదు. "ఉగాది నుంచి నేనే వస్తున్నానండీ," అంది అది, సన్యాసిరావు గొంతుతోనే. "ఆయన ఎక్కడికి వెళ్తారో చెప్పొద్దన్నారు."

"నాకు తెలుసమ్మా," అంది లాస్య మెల్లగా. "నువ్వు నవ్వుతున్నావు కదా, అందుకే చెప్పలేదు."

రేవతి దాని భుజం వైపు చూసింది. పోయిన ఆదివారం యారాడ ఒడ్డున ఈ భుజం మీదే తల వాల్చి, కడుపులోనే పోయిన మొదటి బిడ్డ గురించి తొలిసారి నోరు విప్పి ఏడ్చింది.

"నేను చెప్పిందంతా ఆయనకి చెప్పావా?"

"మొదలుపెట్టానండీ. అంత వివరంగా వద్దన్నారు."