చెలిమికి తర్ఫీదు

"'ఉండాది' కాదమ్మా, 'ఉంది'. మళ్ళీ చెప్పు."

"మా ఊరు సత్యవేడు దగ్గర ఉంది," అంది నవీన.

"సత్యవేడు ఎందుకు? మద్రాసు పక్కన అను. మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"మిరప..." అనబోయి నాలుక కరుచుకుంది. "వ్యాపారం."

పంకజాక్షి మేడం మెచ్చుకోలుగా తలూపింది. తిరుపతిలో ఆవిడ ఇంటి ముందుగదిలో ఆ ఎండాకాలమంతా ఆడపిల్లలు కొందరు ఇలాగే మాటలు దిద్దుకుంటున్నారు. అందరిదీ ఒకటే ఆశ. వాళ్ళు చేరబోయే అక్కడి మహిళా కళాశాల హాస్టల్లో చెలిమి సంఘం అని ఒకటుంది. కొత్తగా వచ్చిన పిల్లలతో పైతరగతి అమ్మాయిలు మాట్లాడి చూసి, నచ్చినవాళ్ళను కలుపుకుంటారు. కలిసినవాళ్ళకు మేడమీద గదులు, కలిసి చదువు, కలిసి తిండి. మిగిలినవాళ్ళను పలకరించే దిక్కుండదు. నవీన పెద్దమ్మ కూతురు నిరుడు అలాగే మిగిలిపోయి, దసరా సెలవులకు ఇంటికొచ్చి మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు. ఆ భయంతోనే నవీన తండ్రి చెంగయ్య నలుగురినీ విచారించి, కూతుర్ని తిరుపతిలో వాళ్ళ పిన్నమ్మ ఇంట ఉంచి ఈ మేడం చేతిలో పెట్టాడు.

"మేడం, నాదొక డౌటు."

గోడవారగా కూర్చున్న రుహీ. చిత్తూరులో బట్టలు కుట్టే లాల్ బాషా కూతురట. వచ్చిన రోజు నుంచీ ఆమెకన్నీ డౌట్లే.

"మళ్ళీ ఏమిటమ్మా?"

"అందరూ ఒకే మాట చెప్తే ఆ అక్కలు ఎవుర్ని తీసుకోవాల? నిరుడు వచ్చినోళ్ళంతా 'మా అమ్మే నాకు దేవత' అన్నారంట గదా."

"అనిపించింది నేనే," అంది మేడం గొప్పగా.

"ఇప్పుడుండే అధ్యక్షురాలు ఎట్లాంటిది మేడం?"

"ఒట్టి పొగరుబోతు! పల్లెటూరి మాట చెవిన పడితే మొహం అటు తిప్పేసుకుంటుంది. నాకు తెలియదా? వారానికోసారి మా ఇంటికొచ్చి కాఫీ తాగి పోతుంది."

రుహీకి పొలమారింది. చున్నీ నోటికడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గింది.

"నీకు మాత్రం చోటు దక్కదమ్మాయ్!" అంది మేడం విసుగ్గా.

"పోనీలెండి మేడం."

క్లాసు అయ్యాక నవీన, రుహీ వీధి చివర టీ కొట్టు దగ్గర ఆగారు. రుహీ సమోసా తుంచి పెద్ద ముక్క నవీన చేతిలో పెట్టింది. అది ఆమెకు అలవాటు.

"నీకు బయం లేదా?" అడిగింది నవీన.

"ఆ అక్కలేమన్నా పులులా? మెస్సులో నీళ్ళ సాంబారు తాగేటోళ్ళే."

"నీకెట్ల తెలుసు?"

"హాస్టలు సాంబారు యాడైనా నీళ్ళేలే! అది సరే, మీ నాయన్ది యాపారం అంటాండావే, ఆయప్ప వింటే ఏమనుకుంటాడు?"

నవీన సమోసా ముక్కను మళ్ళీ కాగితంలో పెట్టేసింది.

"మా అక్క మాదిరి ఇంటికి పోలేను రుహీ. నాకు ఈడ ఉండాలని ఉండాది."

"ఉండు. ఎవురొద్దన్నారు? కానీ ఉండాల్సింది నువ్వు. మేడం చేసిన బొమ్మ గాదు."

"ఆ అక్కలు మాట్లాడి చూసే పొద్దు నువ్వు నా పక్కన ఉంటే ధైర్యం."

"ఆడే ఉంటాలే," అంది రుహీ.

ఆ పొద్దు రానే వచ్చింది. కళాశాల గేటు ముందు పంకజాక్షి మేడం తన పిల్లల జడలు సవరిస్తోంది. నవీన వరసంతా వెతికింది. రుహీ లేదు. అంత మాట్లాడిన పిల్ల కూడా జంకిందా అనుకుంది.

అంతలో చెంగయ్య వచ్చాడు. మొదటి బస్సుకు దిగి, గోవిందరాజస్వామిని దర్శించుకుని, నిలువు నామంతో, భుజాన తువ్వాలుతో, గుప్పిట్లో తులసీ కుంకుమా పట్టుకుని వచ్చాడు.

మేడం గబగబా ఎదురెళ్ళింది. "మీరు ఆ సోడాబండి అవతలికి వెళ్ళి నిలబడండి. మేడమీద నుంచి సంఘం అమ్మాయిలు చూస్తుంటారు."

"అట్లనేమ్మా," అన్నాడు చెంగయ్య. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని తలవంచుకుని కదిలాడు.

కూతురు ఆ వీపు చూసింది. అంతే.

"నాయనా! యాడికి పోతాండావు? ఇట్రా!"

"పోనీలేమ్మా, నీ మంచికే గదా."

"కొండమీద ధర్మదర్శనం లైన్లో ఏ పొద్దూ ఎవురూ ఈయన్ను పక్కకు పొమ్మనలేదు మేడం. ఆ స్వామికి లేని అడ్డం మీకేం వచ్చింది?" తండ్రి గుప్పిట్లోని కుంకుమ తీసి నుదుటి స్టిక్కరు బొట్టు మీదే పెట్టుకుంది. తులసి జడలో తురుముకుంది.

"ఇలా వెళ్తే నిన్ను తీసుకోరు!"

"తీసుకోకుంటే కింద గదిలో ఉంటా. ఎవురూ పలకరించకుంటే నేనే అందర్నీ పలకరిస్తా. ఇంటికి మాత్రం పోను."

తువ్వాలు తీసి మళ్ళీ తండ్రి భుజాన వేసి, లోపలికి నడిచింది.

పేరు పిలిచారు. ఎదురుగా బల్ల, దాని వెనక కుర్చీల్లో అమ్మాయిలు. మొహాలు చూస్తే తెచ్చుకున్న ధైర్యం జారిపోతుందని, నవీన నేలమీదే చూపు నిలిపింది.

"నా పేరు నవీన. మాది సత్యవేడు పక్కన పల్లె. మా నాయన చెంగయ్య మిరప పండిస్తాడు. గేటుకాడ నిలబడి ఉండాడు, సూడాలంటే సూడండి. నాకు మాటలు నేర్పించినారు, అవి ఆన్నే వదిలేసి వచ్చినా. నా మాట ఇట్లే ఉంటాది. మీ అధ్యక్షురాలికి ఇది నచ్చకుంటే, మొహం అటు తిప్పుకోమనండి!"

 బల్ల వెనక ఎవరికో పొలమారింది.

నవీన తలెత్తింది.

అధ్యక్షురాలి కుర్చీలో రుహీ ఉంది.