ఓటమి చెప్పే మనిషి

2058 ఆగస్టు తొమ్మిదిన తిన్న దిబ్బరొట్టె రుచి నీలవేణికి ఇప్పటికీ గుర్తే.

అప్పటికే తీర్పులన్నీ యంత్రం ఇస్తోంది. గెలిస్తే ఫోనులోనే చెబుతుంది. ఓడితే మాత్రం మనిషే వెళ్లి చెప్పాలని చట్టం. ఆ పని ఉచిత న్యాయ కేంద్రంలో శిక్షణకొచ్చిన లా విద్యార్థులది. నీలవేణికి అదే మొదటిసారి.

దీపాలవేళ గుమ్మంలో ఆమెను చూడగానే, మనవరాలి కోసం కేసు వేసిన సన్యాసమ్మకు అర్థమైపోయింది.

"మనవరాల్ని ఆళ్ల నాన్నకే ఇచ్చీసినారా?"

నీలవేణి తలూపింది.

"నువ్వేటి సేస్తావు బుజ్జీ? కూకో. పిల్లకని కాల్చినాను, ఓ ముక్క తిను."

తింటూ నీలవేణే ఏడ్చింది.

"రేపొద్దున్నే పిల్ల కోసం వస్తారు మామ్మా."

"రానీ. ఈ రేత్రికి నాదే గదా."

లోపల పిల్ల నిద్రపోతోంది. నీలవేణి వీధిలోకి దిగాక, సన్యాసమ్మ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.