పాప గది సీలింగు

"గోడల సంగతి తర్వాత చూద్దాం అక్కా. ముందు సీలింగు కానిద్దాం" అన్నాడు పెయింటరు.

ఇంటావిడ తెల్లబోయింది. గోడల మీద బాతులు, సీతాకోకచిలుకలు వేయించాలని ఎంతో ముచ్చటపడిందామె. పెళ్లయిన నాటి నుంచి పిల్లల కోసమని ఉంచి, చివరికి పాత సామాన్లతో నింపేసిన గది అది. శుక్రవారం శిశుసదనం వాళ్లు పాపను తీసుకుని వస్తారు. గది నచ్చితే ఆమె ఒడిలో పెడతారు. లేకపోతే వెనక్కి తీసుకుపోతారు.

"సీలింగు ఎవరు చూస్తారు తమ్ముడూ?"

"నెలల పిల్ల వెల్లకిలా పడుకునేగా ఉంటుంది! దానికి కనిపించేదంతా సీలింగే కదక్కా."

బాతులు పోయి మబ్బులు వచ్చాయి.

పిలవకుండానే పని అడుగుతూ వచ్చిన మనిషి. ఎవరు చెప్పారంటే నసిగాడు. పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. వాసన రాని రంగే కావాలని పట్టుబట్టాడు. గోడకు చెంప ఆనించి చూసి, గరుగ్గా తగిలినచోటల్లా మళ్లీ రుద్దాడు.

"పాప వచ్చేది మా ఇంటికా, మీ ఇంటికా?" అని ఇంటాయన ఆటపట్టించాడు. పెయింటరు నవ్వబోయి, నిచ్చెన ఎక్కేశాడు.

"నీకు పిల్లలెంతమంది?" టీ అందిస్తూ అడిగింది ఇంటావిడ.

"మా ఆవిడ పురిట్లోనే పోయిందక్కా."

ఆమె గుండె కలుక్కుమంది. పెద్దప్రాణమే పోయాక చిన్నప్రాణం గురించి ఏ నోటితో అడుగుతుంది?

ఆఖరి కోటు వేసే ముందు ఉయ్యాల ఎక్కడ కడతారో అడిగాడు. అరచేతికి రంగు పూసుకుని, సరిగ్గా దానికి పైన సీలింగు మీద అదిమాడు. కాసేపు అలాగే ఉంచి, ఆ గుర్తు మీద రోలరు తిప్పేశాడు.

"అదేంటి తమ్ముడూ?"

"ఆరిందో లేదో చూశానక్కా" అన్నాడు. రోలరు మళ్లీ రంగులో ముంచాడు.

శుక్రవారం శిశుసదనం పెద్దావిడ గదంతా వాసన చూసింది. గోడలు తడిమింది. తలెత్తి మబ్బులను చూసి, "ఇక పాప మీదేనమ్మా" అంది.

ఇంటావిడ భోరుమంది. ఇన్నేళ్ల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. ఆయా పాపనెత్తుకుని వ్యాన్ దిగింది. నిచ్చెన తీసుకెళ్లడానికి వచ్చిన పెయింటరు గుమ్మం దగ్గర బిగుసుకుపోయాడు.

"తమ్ముడూ, నీ చేతి చలవే ఇదంతా. రా, ఒక్కసారి ఎత్తుకో."

"చేతులకు రంగుందక్కా" అని తల దించుకుని గేటు దాటాడు. అతని చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

ఆయా అతను వెళ్లిన వైపే చూస్తూ పాపను ఆమెకు అందించింది.

"అదేంటమ్మా, పాప వాళ్ల నాన్న మీ ఇంట్లో ఏం చేస్తున్నాడు?"