పోదు, ఆగదు

మెకానిక్ మహిధర్ నుజ్జయిన బానెట్ కింద నుంచి జానెడు రబ్బరు పైపు లాగి శరణప్ప చేతిలో పెట్టాడు.

"పాత పగులు పటేలా, నిన్నటిది కాదు. లోపల దుమ్ము పట్టింది చూడున్రి. టర్బోకు, బ్రేకుకు వాక్యూమ్ ఇచ్చే పైపు ఇదే. ఇది పగిలితే బండి గుంజదు, గడ్డ ఎక్కదు; బ్రేక్ రాయి లెక్క అయితది, తొక్కినా దిగదు."

"రెండూ దీనితోనేనా?"

"దీనితోనే. డ్రైవర్ చెప్పలేదా?"

విఠల్ నెల రోజులు చెప్పాడు. "బండి పోతలేదు పటేలా, ఆగుతలేదు." శరణప్ప నవ్వాడు. "పోదంటవు, ఆగదంటవు. ఒక్క మాట మీద నిలబడురా!"

నిన్న చిరాగ్‌పల్లి దగ్గర ఆ కారు లారీని వెనక నుంచి గుద్దింది. విఠల్ ఇంకా కళ్లు తెరవలేదు. నిద్రపోయి గుద్దాడని పోలీసులకు రాసిచ్చింది శరణప్పే.

సీటు కింద మొగుని చెప్పుల కోసం వెతుకుతున్న సంగమ్మ తలెత్తింది.

"అంటే, మా ఆయన నిద్రపోలే?"

శరణప్ప పైపును వీపు వెనక దాచుకున్నాడు.

సంగమ్మ చెప్పులు కొంగులో చుట్టుకుంది. "జర దవాఖానకు రాండ్రి పటేలా. ఆయన అన్న రెండు మాటలు నిజమేనని చెవుల చెప్పున్రి. మీ మాటైతే వింటడు."