నాన్నగారి సంతాపసభలో పాము

పాము స్టేజీ కింద నుంచి బయటికొచ్చింది. ఆరడుగులుంటుంది.

కళ్ళు మూసి తెరిచేలోపు హాలు హాలంతా కుర్చీలెక్కేసింది. అప్పటిదాకా "ఆయన ధైర్యమే మనకి ఆదర్శం" అంటున్న కాలనీ ప్రెసిడెంటు ఒక్క గెంతులో బల్ల మీదున్నాడు. మైకు మాత్రం వదల్లేదు. రిటైర్డు హెడ్మాస్టరు ఎక్కిన కుర్చీలో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"నాన్నగారికి ఫోన్ చెయ్యండి!" వెనక నుంచి ఎవరో అరిచారు, అలవాటు కొద్దీ.

నాన్నగారు ఫొటోలో నవ్వుతున్నారు. ఆయన పోయి మూడు రోజులైంది. ఈ సభ ఆయన కోసమే.

ఇంట్లో ఇద్దరు పిల్లలకే నాన్న అయినా, కాలనీ అంతటికీ ఆయన నాన్నగారే. ఉద్యోగం, ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూడటం. సేవ, పాములు పట్టడం. ఇరవై ఆరేళ్ళలో మూడొందల పన్నెండు పాములు. ఒక్కదాన్నీ చంపలేదు. ఒక్కరింట్లో కప్పు కాఫీ కూడా తాగలేదు.

"కొడుకేడీ? పులి కడుపున పులే పుడుతుంది. పట్టమనండి!" అన్నాడు ప్రెసిడెంటు.

పులిపిల్ల కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతోంది.

"నాకు నడుం నొప్పి, అంకుల్."

నేలమీద కాళ్ళున్నది ఒక్కరికే. మొదటి వరసలో కూర్చున్న నాన్నగారి భార్యకి.

"అది జెర్రిపోతు. విషముండదు. దిగండి," అందావిడ.

"అమ్మా, మీరు దుఃఖంలో ఉన్నారు," అన్నాడు ప్రెసిడెంటు మైకులో. "అది త్రాచు."

పాము ఏ సంగతీ తేల్చకుండా మూల పేర్చిన కుర్చీల వెనక్కి దూరింది. అది కనపడకపోయేసరికి అందరికీ ధైర్యమొచ్చింది. ధైర్యమొచ్చినవాడికి ముందుగా కావలసింది తిట్టడానికో మనిషి. హాలు ఊడ్చే ఆవిడ చీపురుతో గుమ్మంలోనే దొరికింది.

"ఏం ఊడుస్తున్నావమ్మా నువ్వు?" అన్నాడు ప్రెసిడెంటు. "చెత్త ఉన్నచోటికే పాములొస్తాయి."

"మూడుసార్లు ఊడ్చానయ్యా. గురువారం పొద్దున మీటరు చూడాలని నాన్నగారే తాళం తీయించుకున్నారు. ఆయన వెళ్ళాక వేసిన తాళం మళ్ళీ ఈ పొద్దున్నే తీశాను."

"పోయినాయన మీద పెడతావేం? పోయినేడు పాము దొరికినప్పుడు తోటమాలిని పంపించేశాం. అంతకుముందు వాచ్‌మన్‌ని. పాము వచ్చిందంటే పని ఎగ్గొట్టేవాళ్ళు ఒకరున్నట్టే. సభ అవగానే తాళాలిచ్చేసి వెళ్ళు."

"పిల్లలు చదువుకుంటున్నారయ్యా. ఈ పనొక్కటే..."

"సభ అవగానే అన్నాను."

తోటమాలి మాట వినగానే నాన్నగారి భార్య తలెత్తింది. మళ్ళీ దించుకుంది.

సభ కొనసాగింది, కుర్చీల మీద నుంచే.

"ఆయన రాకముందు మన కాలనీలో ఇన్ని పాములున్నాయన్న సంగతే మనకి తెలీదు," అన్నాడు హెడ్మాస్టరు గద్గదంగా. అంత తెలివిగలాయన దగ్గర ఎన్ని తరాలు చదువుకున్నాయో.

"మా ఇంట్లో అడుగు పెట్టగానే తిన్నగా బీరువా వెనక్కే వెళ్ళారు," అంది ఒకావిడ. "వెతకను కూడా లేదు. దివ్యదృష్టి!"

కూతురు ముక్కు చీదుకుంది. "నా పెళ్ళిలో కూడా భోజనాల దగ్గర పాము వచ్చింది. కొత్త బట్టల్లోనే పట్టేశారు నాన్న. ఒకటే చప్పట్లు. నా పెళ్ళి ఫొటోల్లో నాకంటే ఆయనే ఎక్కువున్నారు."

ప్రెసిడెంటు కళ్ళు తుడుచుకున్నాడు. చెమటో కన్నీళ్ళో ఆయనకే తెలియాలి.

"ఆఖరి నిమిషంలోనూ సేవే! గురువారం సాయంత్రం బూట్లేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, ఫోను పక్కనే కూర్చుని కన్నుమూశారు. ఎవరూ పిలవకముందే సిద్ధంగా ఉన్న మహానుభావుడు! ఈ హాలుకి ఆయన పేరు పెడుతున్నాం."

కుర్చీల మీద నిలబడి చప్పట్లు కొట్టడం కష్టం. అయినా కొట్టారు. ఆ మోతకి పాము మళ్ళీ బయటికొచ్చింది. చప్పట్లు కేకలయ్యాయి.

నాన్నగారి భార్య లేచింది. నిదానంగా వెళ్ళి ఒక చేత్తో తోక అందుకుంది, రెండో చేత్తో మెడ దగ్గర పట్టింది. ఉతికిన బట్ట పిండుతున్నంత మామూలుగా. కిటికీ దగ్గరికి నడిచి, కొడుకుని పక్కకి జరగమని, పాముని బయట పొదల్లోకి జారవిడిచింది.

హాలు దద్దరిల్లింది.

"ఇల్లాలంటే ఇలా ఉండాలి!"

"భర్తకి తగ్గ భార్య!"

అందరూ దిగారు. చీరలు, చొక్కాలు సర్దుకున్నారు. ప్రెసిడెంటు కూడా దిగి, గుమ్మం వైపు చెయ్యి చాచాడు.

"ఏవమ్మా, తాళాలు."

ఊడ్చే ఆవిడ కొంగున కట్టిన తాళాలగుత్తి విప్పసాగింది. ముడి రావడం లేదు.

నాన్నగారి భార్య వెళ్ళి మైకు అందుకుంది.

"అమ్మా, వద్దు," అన్నాడు కొడుకు గొంతు తగ్గించి. వాడికి ఏ మేరకు తెలుసో ఏమో. "హాలుకి నాన్న పేరు పెడుతున్నారు. కూర్చో."

ఆవిడ కూర్చోలేదు.

"ఆ తాళాలు ఆవిడ దగ్గరే ఉండనివ్వండి," అంది. "గురువారం పొద్దున ఈ పాముని సంచిలో తెచ్చి ఇక్కడ వదిలిందీ, ఇన్నేళ్ళూ మీ ఇళ్ళల్లో ఆ మూడొందల పన్నెండూ వదిలిందీ మా ఆయనే."